2,222 తరువాతి దినములు: క్లౌ దొర గ్రంథములో అనుదిన నమ్మకత్వము

ఒంగోలు మిషను చరిత్రను గూర్చి తెలుగు సంఘములలో ప్రసంగించువారు తప్పక చెప్పే సంఖ్య ఒకటున్నది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ముందురోజు 614 మంది, మరునాడు 700 మంది. ఆ సంవత్సరము ముగిసేసరికి మొత్తము 9,606 మంది. ఈ అంకెలు కల్పితములు కావు, వాటిని చెప్పుకొనుటలో తప్పు లేదు. అయితే అంకె చెప్పిన వెంటనే ప్రసంగీకుడు ఆగిపోవడము, సభ "హల్లెలూయ" అనడము, అంతటితో ఆ ప్రజల కథ ముగిసిపోవడము మన అలవాటైపోయింది. నదిలోనుండి బయటికి వచ్చినవారు తడిబట్టలతో తమ తమ పల్లెలకు నడిచిపోయారు గదా! ఆ వారము, ఆ నెల, ఆ తరువాతి కోతల కాలము వారు ఎట్లు బ్రదికారు? జాన్ ఎవరెట్ క్లౌ దొర జీవితకథయైన "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్" అను గ్రంథమును ఈ ఒక్క ప్రశ్నతో తిరిగి చదువుట ఈ వ్యాసము ఉద్దేశము.

గ్రంథమును గూర్చి మొదట ఒక మాట. ఇది 1914లో మాక్మిలన్ సంస్థ ప్రచురణగా వెలువడింది. అప్పటికి క్లౌ దొర మరణించి నాలుగు సంవత్సరములు. పుస్తకమంతా "నేను" అని ఆయన నోటి మాటగా సాగుతుంది గాని, కలము పట్టినది ఆయన రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గారు. ఆమె "క్రైస్తవ్యము – సామాజిక సంక్షోభము" అను అర్థమిచ్చే పేరుగల 1907 నాటి ప్రసిద్ధ గ్రంథము వ్రాసిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు సహోదరి. మాదిగవారి జీవితమును గూర్చి 1899లోనే "వైల్ సోయింగ్ సాండల్స్" అనే పుస్తకము ప్రకటించిన విదుషి. కాబట్టి "సోషల్" అనే మాట శీర్షికలో యాదృచ్ఛికముగా వచ్చి చేరలేదు. ఈ పుస్తకములో రెండు గొంతులున్నవని పాఠకుడు మరచిపోకూడదు. ఒకటి 1865లో నెల్లూరుకు వచ్చి, మరుసటి సంవత్సరము ఒంగోలులో కాలుపెట్టిన బాప్తిస్టు సువార్తికునిది. రెండవది ఆ జీవితమును ఇరవయ్యవ శతాబ్దపు సామాజిక సువార్త వెలుగులో తిరిగి చదివిన వేదాంతురాలిది. ఈ రెండు గొంతులు కలిసినచోట గ్రంథము బలముగా ఉంటుంది. రెండిటికీ పట్టని విషయములు కొన్ని ఉన్నవి, వాటి దగ్గరికి తరువాత వద్దాము.

అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయము 41వ వచనములో మూడువేలమంది చేర్చబడిన సంగతి ఉన్నది. గుండ్లకమ్మ బాప్తిస్మములను మనవారు ఈ వచనముతోనే పోల్చుతారు. కాని లూకా అక్కడ ఆగలేదు. 42వ వచనములోను, 46వ వచనములోను ఒకే గ్రీకు క్రియ వాడాడు: ప్రొస్కార్తెరేఓ. వదలకుండ పట్టుకొని ఉండుట, విడువని పట్టుదలతో అంటిపెట్టుకొనుట దాని భావము. 46లో "ప్రతిదినము" అను మాట కూడా చేర్చాడు. మూడువేలమందికి ఒక్క వచనము చాలింది. వారి దినచర్యకు ఆరు వచనములు పట్టింది. సువార్త రచయిత ఇచ్చిన ఈ పాళ్లు మన చరిత్ర రచనలో తలక్రిందులైనవి.

క్లౌ గ్రంథములో అసలు ఆశ్చర్యము జూలై 3 కాదు, దానికి ముందున్న 15 నెలలు. 1876–78 నాటి ధాత కరువులో ప్రజలు మలమల మాడి చనిపోతున్నప్పుడు క్లౌ దొర బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనికి గుత్త తీసుకొన్నాడు. యౌవనములో భూమి కొలతల పని నేర్చినవాడు గనుక అది ఆయనకు కొత్త కాదు. వేలమందికి కూలి దొరికింది. బోధకులే మేస్త్రీలయ్యారు. పని మధ్య విశ్రాంతి వేళలలో వాక్యము చెప్పారు. ఆ నెలలలో బాప్తిస్మము కోరినవారు కొల్లలు, అయినను ఆయన ఒక్కరికీ ఇవ్వలేదు. కడుపు కొరకు వచ్చారో క్రీస్తు కొరకు వచ్చారో తేలవలెనని ఆపాడు. సహాయము ఆగిన తరువాత కూడ వారు వచ్చారు. అప్పుడే నదిలోనికి దిగారు. తూర్పు తీరము వెంబడి మన పులికాట్ మీదుగా చెన్నపట్టణము దాటి పోయే ఈ కాలువను రోజూ చూచే మనము ఈ సంగతిని ఇంకొంచెము శ్రద్ధగా గమనించవలసినవారము. ఒక మిషనరీకి అంకెలు పంపితే విదేశములో చప్పట్లు దొరికే రోజులలో, పదిహేను నెలలు సున్నా పంపుటకు ధైర్యము కావలెను. నా దృష్టిలో ఆ సున్నా 2,222 కంటే పెద్ద సంఖ్య.

ఇక అనుదిన నమ్మకత్వమును గూర్చి గ్రంథమిచ్చే ముఖ్యమైన సాక్ష్యము మూడు నియమములు. కొత్తగా విశ్వసించిన మాదిగవారికి క్లౌ, ఆయన బోధకులు నేర్పినవి ఇవే: ఆదివారము పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసము తినవద్దు, విగ్రహములకు మ్రొక్కవద్దు. చదువు లేనివారికి, ఒక్కసారి విని గుర్తుపెట్టుకోగలిగిన మూడు మాటలు. దైవశాస్త్ర విద్యార్థులు వీటిని చూచి పెదవి విరచడము నేనెరుగుదును. "కృప ఎక్కడ? ఇది ధర్మశాస్త్రమే గదా" అంటారు. ఈ విమర్శ నియమములను కాగితముమీద చదివినవారిది. వాటిని పల్లెలో నిలబెట్టి చూడవలెను.

చచ్చిన పశువు సంగతే తీసుకొందాము. నాటి గ్రామకట్టులో రైతు ఇంట గొడ్డు చస్తే అది మాదిగవారి పాలు. దాని తోలుతో రైతుకు చెప్పులు, కపిలకు తోలుబాన, ఎద్దులకు పట్టెడలు చేసి ఇవ్వవలెను. మాంసము వారికి ఆహారము, ఒక విధముగా జీతములో భాగము. ఆ మాంసము వద్దనుట అంటే ఆకలి దినములలో అందివచ్చిన కూడు కాదనుట. అంతకంటే ముఖ్యముగా, "నీ స్థానము ఇది" అని ఊరు చెప్పిన మాటను కాదనుట. ఈ కాదనుట ఒక్క దినముతో పోదు. ఊరిలో గొడ్డు చచ్చిన ప్రతిసారి తిరిగి చేయవలసిన నిర్ణయము. బాప్తిస్మము ఒక్కసారి, ఈ పరీక్ష నెలకు రెండుసార్లు. 1927లో మహాద్ సభలో డాక్టర్ అంబేద్కర్ తన ప్రజలకు చచ్చిన పశువు మాంసము మానుడని చెప్పారు. అర్ధ శతాబ్దము ముందే ఒంగోలు చుట్టుపట్ల పేరులేని కుటుంబములు ఈ పని చేశాయి. అంబేద్కర్ గారి మార్గము వేరు, ఆయన ముగింపు వేరు. అయినను మనిషి గౌరవము తిండి కంచము దగ్గర మొదలగునని ఇద్దరూ ఎరిగారు.

ఆదివారము నియమము ఇంకా కష్టము. వారమునకు ఒక దినము సెలవు అనే భావమే పాలేరుకు, వెట్టివానికి లేదు. కోతల కాలములో ఆసామి పిలిస్తే వెళ్లకుండుట తిరుగుబాటు క్రింద లెక్క. కరణము, మునసబు కన్నెఱ్ఱ చేసిన సందర్భములు, బావినీళ్లు కట్టివేయడము వంటి బాధలు గ్రంథములో ఉన్నవి. ఇక్కడ ఒక వాక్య పరిశీలన అవసరము. విశ్రాంతి దినాజ్ఞకు నిర్గమకాండము 20వ అధ్యాయము సృష్టిని కారణముగా చూపితే, ద్వితీయోపదేశకాండము 5:15 ఐగుప్తు దాస్యమును కారణముగా చూపుతున్నది: నీవు దాసుడవై యుంటివి గనుక విశ్రమించుము, నీ దాసుని విశ్రమింపనిమ్ము అని. మిషనరీలు బహుశః నిర్గమకాండమును మనస్సులో పెట్టుకొని నేర్పియుందురు. విన్నవారి జీవితములో అది ద్వితీయోపదేశకాండముగా పనిచేసింది. వారమునకు ఒక్క దినము "నేను ఎవని సొత్తును కాను" అని ఊరందరి యెదుట చెప్పుట ఆ నియమములో ఇమిడి ఉన్నది. దీనిని ధర్మశాస్త్రమనుట సులభము. దెబ్బలు తిన్నవారికి అది సువార్తగానే వినబడింది.

మూడవ నియమము విషయములో మాత్రము విమర్శకుల వాదమును కొంత ఒప్పుకొనక తప్పదు. విగ్రహములకు మ్రొక్కవద్దు అనుట జాతరలో డప్పు కొట్టవద్దు అనుటగా మారింది. ఊరి జాతరకు మాదిగ డప్పు లేక సాగదు గనుక సంఘర్షణ అక్కడనే పుట్టింది. డప్పు మానినవారు ఊరి దేవతకు కాదు, ఊరి పెత్తనమునకే ఎదురు నిలిచారు, ఇది నిజము. అయితే 1998లో వెలువడిన తన గ్రంథములో సత్యనాథన్ క్లార్క్ గారు తమిళనాటి పరయవారి డప్పును గూర్చి వ్రాస్తూ, అణచబడిన ప్రజలు దైవమును అనుభవించిన సాధనముగా దానిని చూడవలెనని వాదించారు. ఆ వాదమును మన పల్లెలకు అన్వయిస్తే కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. బలవంతపు వాయిద్యమును విడిచిపెట్టడము విడుదలే. ఆ డప్పును ఆలయములోనికి తీసుకొని రాకుండా వాకిట వదలి, లోపల హార్మోనియముతో సరిపెట్టుకొనడము కూడ విడుదలేనా? క్లౌ గ్రంథమునకు ఈ ప్రశ్న తట్టలేదు. ఎమ్మా గారికి తట్టియుండవలసినది, ఎందుకనగా మాదిగవారి పూర్వపు గురువులను, వారి యోగసాధనలను ఆమె ఎంతో గౌరవముతో నమోదు చేశారు. ఎఱ్ఱగుంట్ల పేరయ్య క్రీస్తును ఎరుగక మునుపు ఒక గురువమ్మ దగ్గర నేర్చిన ధ్యానాభ్యాసమును ఆమె తక్కువ చేసి మాటలాడలేదు. ఆ అభ్యాసమే ఆయనను సిద్ధపరచినదన్నట్లు వ్రాశారు. ఆ చూపు డప్పు దాకా రాలేదు.

గ్రంథములోని లోపము నాకు ఇంకొకచోట ఎక్కువగా కనబడుచున్నది. ఈ మూడు నియమములూ "వద్దు" అనునవి. "చేయుము" అని ప్రతిదినము ఇంటిలో జరిగినదేమి? బోధకులను గూర్చి, పాఠశాలలను గూర్చి, సంఘముల స్వపోషణను గూర్చి పుటలకు పుటలున్నవి. గుడిసెలో ఉదయము లేచిన స్త్రీ ఏమి ప్రార్థించింది, చదువురాని తండ్రి బిడ్డకు ఏమి నేర్పాడు, జ్వరము వచ్చిన రాత్రి మంత్రగాని పిలువక ఎవరిని పిలిచారు అన్నదానికి గ్రంథములో చోటు చాల కొంచెము. స్త్రీలు బొత్తిగా లేరనను. పేరయ్యతో కలిసి 1866లో బాప్తిస్మము పొందిన నాగమ్మ ఉన్నది. కాని ఆమె భర్త వెంట నడిచినట్లు చూస్తాము గాని ఆమె నట్టింటిని చూడము. సామాజిక సువార్త దృష్టి గ్రామమును చూచింది, కులమును చూచింది, ఆకలిని చూచింది. గడప లోపలి నమ్మకత్వము దానికి మసకగా ఉండిపోయింది.

ఈ లోపము చిన్నది కాదని చెప్పుటకు మరొక గ్రంథమును జ్ఞాపకము చేయుచున్నాను. బిషప్ వాస్కమ్ పికెట్ 1933లో ప్రకటించిన సామూహిక ఉద్యమముల అధ్యయనములో, ప్రజలు ఏ ఉద్దేశముతో క్రైస్తవులైరి అన్నదానిని విచారించి, తరువాతి వారి ఆత్మీయ స్థితితో పోల్చి చూచాడు. ఉద్దేశములోని తేడాలు మనమనుకొన్నంత తేడాను తీసుకొని రాలేదు; బాప్తిస్మము తరువాత దొరికిన బోధ, ఆరాధన, కాపరి సంరక్షణ ఎక్కువ తేడాను తెచ్చినవని ఆయన నిర్ధారణ. ఆవైపు నుండి చూస్తే క్లౌ దొర ఆపిన 15 నెలల మీద కూడ ఒక ప్రశ్న నిలుస్తుంది. ఉద్దేశమును పరీక్షించుటకు పట్టిన శ్రద్ధ, తరువాతి పెంపకము విషయములో అంత సాధ్యపడిందా? ఏడాదిలో వచ్చిన తొమ్మిదివేల ఆరువందల మందికి చాలినంతమంది కాపరులను ఏ మిషను సమకూర్చగలదు? ఇది ఆయన తప్పు అనను. విత్తనము తనంతట తాను మొలిచి పెరుగు ఉపమానము (మార్కు 4:26–29) ఆయనకు ఆదరణగా ఉండియుండవచ్చును. అయితే ఆ ఉపమానములో కూడ విత్తినవాడు రాత్రింబగళ్లు నిద్రపోవుచు, మేల్కొనుచు నుండును. పొలము విడిచి వేరొక ఊరి సభకు పోయినట్లు లేదు!

ఇక్కడ అనువాదమును గూర్చి ఒక పరిశీలన. గలతీయులకు 5:22లో ఆత్మఫలముల వరుసలో వచ్చే "పిస్టిస్" అను మాటకు మన వాడుక బైబిలు "విశ్వాసము" అని అనువదించింది. గ్రీకులో ఈ మాటకు నమ్ముట, నమ్మదగియుండుట రెండును అర్థములే. దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనముల ప్రక్కన, సాత్వికమునకు ముందు ఉన్నప్పుడు అక్కడ నమ్మదగియుండుటయే సరియైన భావము. హెబ్రీలోని "ఎమునా" సంగతి ఇంకా స్పష్టము. నిర్గమకాండము 17:12లో మోషే చేతులు సూర్యుడు అస్తమించువరకు నిలుకడగా నున్నవని చెప్పునప్పుడు వాడిన మాట అదే. ఎమునా అంటే అక్కడ ఒక నమ్మిక ప్రకటన కాదు, దించని చేతులు. అది కూడ ఒంటరిగా కాక, అహరోను, హూరు చెరియొక ప్రక్కను ఆదుకొనగా. మన సంఘములలో "విశ్వాసి" అను మాట వాడుకలో ఉన్నంతగా "నమ్మకస్థుడు" అను మాట లేదు. ఉన్నచోట అది డబ్బు లెక్క చూచే కోశాధికారికి పరిమితమైంది.

ఇప్పుడు మా ప్రాంతము సంగతి. తడ, సూళ్లూరుపేట ప్రాంతము ఒంగోలు ఉద్యమము పరిధిలోనిది కాదు. 1865లో వచ్చిన ఆగస్ట్ మైలియస్ గారితో జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను సూళ్లూరుపేటలో తొలి కేంద్రము నెలకొల్పి దక్షిణ నెల్లూరు వైపు పని చేసింది. ఆ పనినుండి వచ్చినదే దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘము. ఇక్కడ 2,222 జరగలేదు. అందుచేత మా చరిత్రను ఎవరూ సభలలో చెప్పరు. కాని ఆ మిషనరీలు తమతో తెచ్చిన చిన్న పుస్తకము, 1529 నాటి లూథరు చిన్న ప్రశ్నోత్తరి, బాప్తిస్మమును ఎన్నడో జరిగిపోయిన దినముగా గాక ప్రతిదినము లోపలి పాతమనిషి చచ్చి కొత్తమనిషి లేచే పనిగా బోధించుచున్నది. ఉదయ సాయంకాల ప్రార్థనలను కుటుంబ యజమాని ఇంటివారికి నేర్పవలెనని అందులోనే ఉన్నది. ఒంగోలువారికి మూడు "వద్దు"లు దొరికినవి, ఇటువారికి ఇంటిలో పలుకవలసిన మాటలు దొరికినవి. ఒకరి దగ్గరున్నది మరొకరికి అందియుంటే ఎంత బాగుండును! కంఠస్థము చేయించిన ప్రశ్నోత్తరి కూడ పెదవులమీదనే నిలిచిపోగలదని ఈ ప్రాంతపు కాపరులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆదివారము ప్రశ్న మళ్లీ మా ముంగిటికి వచ్చింది. తడ ప్రక్కన 2008లో శ్రీసిటీ ప్రారంభమైన తరువాత మా యౌవనస్థులు అనేకులు షిఫ్టులలో పనిచేయుచున్నారు. వారపు సెలవు ఆదివారమే రావలెనని లేదు. రాత్రి షిఫ్టు ముగించుకొని కన్నులు ఎఱ్ఱబడి ఆరాధనకు వచ్చి వెనుక వరుసలో కునుకు తీసేవాడు ఉంటాడు, రాలేనివాడు ఉంటాడు. కొందరు కాపరులు క్లౌ దొర మొదటి నియమమును వీరిమీద ప్రయోగించి వేదికమీదనుండి గద్దిస్తారు. నియమము అదే, మోసేవాడు మారాడు. 1870లలో ఆ నియమము ఆసామికి ఎదురుగా నిలిచి బలహీనుని కాపాడింది. ఇప్పుడు అదే మాట యజమాని జోలికి పోక, కూలివాని మీదనే పడుచున్నది. ద్వితీయోపదేశకాండము 5ను చదివినవాడు మొదట "ఈ పిల్లవానికి వారమునకు ఒక దినము నిజమైన విశ్రాంతి దొరుకుచున్నదా" అని అడుగును. తరువాత బుధవారము సాయంత్రమో, శుక్రవారము ఉదయమో నలుగురు షిఫ్టువారిని కూర్చుండబెట్టి రొట్టె విరుచుటకు దారి చూచును. లూకా 9:23లో సిలువను ఎత్తుకొనుటకు "ప్రతిదినము" అను మాట చేర్చినది లూకా ఒక్కడే. ఆయన ఏ వారమని చెప్పలేదు.

క్లౌ గ్రంథము వదలిన గడప లోపలి చరిత్రను ఇంకను సేకరింపవచ్చును, అయితే సమయము కొంచెమే ఉన్నది. బి.డి. విద్యార్థులు పరిశోధన పత్రములకు మరల మరల మిషనరీల జీవితములనే ఎన్నుకొనుచున్నారు. దానికి బదులు ఒంగోలు, కనిగిరి వైపుననో, సూళ్లూరుపేట, నాయుడుపేట వైపుననో ఎనుబది దాటిన స్త్రీలను కొందరిని కలిసి కూర్చొనవలెను. వారి నాయనమ్మ చచ్చిన గొడ్డును వద్దన్న దినమున ఇంటిలో ఏమి వండారు? డప్పు మానిన తరువాత తాత ఆ డప్పును ఏమి చేశాడు, అమ్మాడా, కాల్చాడా, అటకమీద పెట్టాడా? ఇంకొకటి స్త్రీలనే అడుగవలసినది. దోర్నకల్ అధ్యక్ష మండలములోను మరి అనేక తెలుగు సంఘములలోను ఎసటిలో బియ్యము పోయకమునుపు ఒక పిడికెడు తీసి దేవునికని వేరే కుండలో వేయు అలవాటు ఉండెడిది. ఆ కుండ ఇంటిలో ఎక్కడ ఉండెడిది, కరువు సంవత్సరములో దానినుండి అప్పు తీసుకొన్నారా, తీసుకొన్నచో తిరిగి ఎప్పుడు పోశారు?